ఏడున్నర తలలు

అక్క పోయిన నెల రోజులకి అక్క కూతురు ఫోన్ చేసింది. పొయ్యి ఆర్పానా లేదా అని మూడోసారి వంటగదిలోకి వెళ్ళి చూసి వస్తున్నాను నేను. పొయ్యి ఆరే ఉంది.

తిన్నావా, మోకాళ్ళెలా ఉన్నాయి అని అడిగాక పిల్ల అసలు సంగతికి వచ్చింది. అక్కకి నలభై దగ్గర పడ్డాక పుట్టిన పిల్ల. దానికి ఊహ తెలిసేసరికే తల్లికి కళ్ళద్దాలూ, సగం నెరిసిన జుట్టూ వచ్చేశాయి. వయసులో ఉన్నప్పుడు అమ్మ ఎలా ఉండేదో చూడాలని ఉందిట. వాళ్ళింట్లో ఆనాటి ఫోటో ఒక్కటి కూడా లేదుట.

"ఫోటోలన్నీ పిన్ని దగ్గరే ఉన్నాయి, అది భద్రంగా దాచి ఉంటుంది అని అమ్మ ఎప్పుడూ అనేది," అంది. "ఒక్కటి పంపు పిన్నీ. ముఖం బాగా కనబడేది."

ఉన్నాయి, వెతికి పంపుతానన్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ వెళ్ళి పొయ్యి చూశాను.

ఫోటోలు లేవు. అక్క పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన సాయంత్రం పదకొండు ఫోటోలు ముందేసుకుని, కత్తెరతో అక్కని ఒక్కదాన్నే కత్తిరించి తీసేశాను. కోపంలో చేసిన పనే కానీ చాలా శ్రద్ధగా చేశాను. జుట్టు అంచు వెంబడి, చెవి వెంబడి, మోచేతి వంపు వెంబడి. ఆ ముక్కల్ని పొయ్యిలో వేశాను. మిగిలినవాటిలో నాన్న చెయ్యి ఎవరూ లేని భుజం మీద ఉండేది. నేను ఒక కంత పక్కన నిలబడి నవ్వుతూ ఉండేదాన్ని. రెండేళ్ళు చూసి, వాటినీ పారేశాను.

అక్క చేసిన తప్పేమీ లేదు. మంచం పట్టిన అమ్మతో నన్ను వదిలి, ఫ్రేములు కట్టే ఆయనతో వేరే ఊరు వెళ్ళింది. మమ్మల్నిద్దర్నీ కూడా రమ్మంది. అమ్మని అంతదూరం కదపలేమన్నాను. ఇప్పుడు వెళితే నాకు అక్క లేదనుకుంటానన్నాను. బండి వచ్చినప్పుడు నేను వీధి గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు. ఆ తర్వాత మా ఇంటికి వచ్చిన ఎవరినైనా, కరెంటు మీటరు చూసుకుపోయే మనిషినైనా సరే, వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూస్తాను. వాళ్ళకి అదో ఇబ్బంది. ఒకసారి ఆ మీటరతను వెనక్కి వచ్చి, ఏమైనా మరిచిపోయానా అమ్మా అని అడిగాడు.

అమ్మ పోయినప్పుడు అక్క వచ్చి నాలుగు రోజులుంది. అప్పటికే కళ్ళద్దాలు వచ్చేశాయి. తను ఫోటోల మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తర్వాత ఫోన్లలో బాగానే మాట్లాడుకునేవాళ్ళం, ఎక్కువగా మందుల గురించి.

మేమిద్దరం బొమ్మల బడిలో మోడళ్ళం. అక్కకి ఇరవై రెండు, నాకు ఇరవై ఉన్నప్పుడు చేరాం. అది పన్నెండేళ్ళు చేసింది, నేను ముప్ఫై ఏళ్ళు చేశాను. ఏమి పని అని అడిగితే, కదలకుండా ఉండే పని అని అక్క చెప్పేది. చెక్క దిమ్మ మీద ఇరవై నిమిషాలు నిలబడాలి, గంట కొడతారు, ఐదు నిమిషాలు శాలువా కప్పుకుని కూర్చోవాలి, మళ్ళీ నిలబడాలి. మళ్ళీ అదే చోట నిలబడటానికి పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తారు. ఒక్కో పోజు మూడు వారాలు నడుస్తుంది. ఇద్దరిలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా రెండోవాళ్ళు వెళ్ళి ఆ సుద్దగీతల్లో పాదాలు పెట్టేవాళ్ళు. పిల్లలు పట్టించుకునేవాళ్ళు కాదు. బొగ్గుపుల్ల పట్టుకుని ఒళ్ళు చూసేవాళ్ళకి మనిషి కనబడదు. వాళ్ళు మాకు పెద్దబొమ్మ, చిన్నబొమ్మ అని పేర్లు పెట్టారు.

ఆ బడిలో ఒక నియమం ఉండేది. మోడల్ ముఖం వెయ్యకూడదు. ఎవరో ఒకమ్మాయి బొమ్మ బయటికి పోయి, వీధిలో ఆమెని గుర్తుపట్టి ఏడిపించారట. అప్పటి నుంచీ ముఖం ఉండాల్సిన చోట గుడ్డులాంటి గుండ్రం, మధ్యలో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. అంతే. మా మంచికే పెట్టిన నియమం. మేం సంతోషించాం కూడా.

అక్క ముఖం కోసం నేను ఆ బడికే ఎందుకు వెళ్ళానంటే, ఇంక వెళ్ళడానికి వేరే చోటు లేదు. నియమం ఉన్నా ఎవరో ఒకరు తప్పి ఉంటారని ఆశ. నెలకోసారి ఆ బడి లైబ్రరీకి వెళతాను. నాకు చదువొచ్చింది కూడా అక్కడే, ప్లాస్టర్ బొమ్మల కింద అంటించిన చీటీలు కూడబలుక్కుని. పాత భవనం ఖాళీ చేస్తున్నారనీ, స్టోరులోని పాత కాగితాలన్నీ గురువారం మధ్యాహ్నం అట్టల మిల్లువాళ్ళు పట్టుకుపోతారనీ అక్కడే విన్నాను. స్టోరు చూసే ఆమెని అందరూ తాళాలమ్మ అంటారు, నడుముకి అంత గుత్తి. ఉంచాల్సిన బొమ్మలు ఏరడానికి డ్రాయింగ్ మాస్టారు వస్తున్నారు, ఆయనతోబాటు కూర్చుని చూసుకో పెద్దమ్మా అంది.

గురువారం గంట ముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. మాస్టారు వచ్చేసరికి నా సంచీలో తాళంచెవి ఉందో లేదో ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు. ఆయనకి ఎనభై ఏడు. రెండు చేతికర్రలతో వచ్చి, నన్ను చూసి, "చిన్నబొమ్మా, నువ్వింకా ఉన్నావా?" అన్నారు.

"మీరు వెళ్ళమనలేదు కదా మాస్టారూ," అన్నాను.

స్టోరులో కాగితాలు నడుము ఎత్తున కట్టలు కట్టి ఉన్నాయి. ఎలుకలు కొట్టినవి కొన్ని, తడిసి ఒకదానికొకటి అంటుకున్నవి కొన్ని. తాళాలమ్మ తాళ్ళు కోసి ఇస్తుంటే మేం ఒక్కొక్కటీ తిప్పుతున్నాం. నిలబడిన ఆడమనిషి, ముఖం గుడ్డు. కూర్చున్న ఆడమనిషి, ముఖం గుడ్డు. పక్కకి ఒరిగినది, చెయ్యి తల కింద పెట్టుకున్నది, వెనక్కి తిరిగినది. వందలు. అన్నీ మేమే.

మాస్టారికి ఉషారొచ్చింది. ఒళ్ళు చూసి మనిషిని చెప్పగలనని ఆయనకి ఎప్పటినుంచో గర్వం. ఏడు కాగితాలు ఏరి, ఇవి పెద్దబొమ్మవి, రాసిస్తాను కావాలంటే అన్నారు. అందులో ఒకదానికి పొట్ట మీద కోత గుర్తుంది. అది నా కోత, నాకు పాతికేళ్ళప్పుడు ఆపరేషన్ జరిగింది. ఆ మాట చెప్పాను. ఇంకోదాని మీద తారీకు చూస్తే ఆ వారం అక్క జ్వరంతో పడి ఉంది, నేనే నిలబడ్డాను. మిగిలిన అయిదూ నేను చెప్పలేకపోయాను. నా ఒళ్ళో అక్క ఒళ్ళో నాకే తెలియలేదు.

అందులో విచిత్రం ఏమిటంటే మేమిద్దరం ఒక్కలా ఉండేవాళ్ళం కాదు. నేను పొడుగు. అక్క నా భుజం దాటేది కాదు. తల కాస్త పెద్దది, కాళ్ళు పొట్టి. కాగితాల్లో మాత్రం ఇద్దరం ఒకే ఎత్తు, ఒకే కాళ్ళు. అది మాస్టారి చలవ. మనిషి ఎత్తు తన తలకి ఏడున్నర రెట్లు ఉండాలని ఆయన పాఠం. అక్కని కొలిస్తే ఆరున్నర కూడా రాదు. పిల్లలు ఉన్నది ఉన్నట్టు వేస్తే, ఆయన వెనకనుంచి వచ్చి ఎర్ర పెన్సిల్‌తో కాళ్ళు సాగదీసేవారు. తుడిచి మళ్ళీ వేయించేవారు. దిమ్మ మీద నుంచి అక్క చూస్తూ ఉండేది. ఇంటికొచ్చి, ఇవాళ నన్ను ఒక తల పెంచారే అనేది.

"మాస్టారూ, మరి మీరెన్ని తలలు?" అంది తాళాలమ్మ. ఆయన ఆమె భుజం దాకా కూడా రారు.

"నాకున్నది ఒకటే తల. అదీ ఈ మధ్య సరిగా పనిచెయ్యడం లేదు," అన్నారాయన.

ఆయన పాఠం నాకు నోటికొచ్చు, ముప్ఫై ఏళ్ళు దిమ్మ మీద నిలబడి విన్నాను. ఏ మాట దగ్గర గంట కొడతారో కూడా తెలుసు. గుహ గోడల మీద ఎద్దుకి కండలూ కళ్ళూ అన్నీ ఉంటాయి, మనిషి మాత్రం నాలుగు గీతల పుల్ల. తర్వాత సమాధుల గోడల మీద ముఖం పక్కకీ, కన్ను ఎదురుగానూ ఉంటుంది. రాజు తాటిచెట్టంత, పెళ్ళాం అతని మోకాలంత. తర్వాత పాలరాయివాళ్ళు కొలతలు కనిపెట్టి, ఒంటికాలి మీద బరువు వేసి మనిషిని నిలబెట్టారు. ఆ తర్వాత చాలా వందల ఏళ్ళు పాదాలు నేలకి ఆనని సాధువులు, బట్టల కింద ఒళ్ళుందో లేదో తెలియదు. ఆ తర్వాత శవాలు కోసి నరాలు లెక్కపెట్టినవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక వెలుగూ నీడా మాత్రమే చూసినవాళ్ళు. చివరికి మనిషిని పెంకుల్లా పగలగొట్టి ఒక ముఖంలో రెండు ముఖాలు అతికించినవాళ్ళు. ప్రతి కాలానికీ ఒక నియమం ఉంది, నియమం తెలియనివాడు మనిషిని వెయ్యలేడు అని ముగించేవారు. అక్కడ గంట కొట్టేవారు.

పన్నెండు దాటింది. మిల్లు లారీ రెండింటికి వస్తుంది. నా ముందు ఇంకా తొమ్మిది కట్టలున్నాయి. చేతులు నల్లబడ్డాయి. కళ్ళు మూసుకుని అక్క ముఖం గుర్తు తెచ్చుకోబోతే, వీపు వస్తోంది, గొంతు వస్తోంది, చేతివేళ్ళు వస్తున్నాయి. ముఖం దగ్గరికి వచ్చేసరికి గుండ్రం, రెండు గీతలు. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. పక్క కట్ట తాడు కొయ్యమన్నాను.

అది తప్పిన కాగితాల కట్ట. పరీక్షలో పోయినవాళ్ళవి. ఒకడికి చేతికి ఆరు వేళ్ళొచ్చాయి, ఒకడికి మనిషి కాగితంలో పట్టక మోకాళ్ళ దగ్గర ఆగిపోయింది. నాకు ఆ కట్టే నచ్చింది. సగం దాటాక ఒక కాగితం దగ్గర నా చెయ్యి ఆగింది.

ముఖం ఉంది.

శాలువా కప్పుకుని దిమ్మ అంచున కూర్చున్న ఆడమనిషి. ఐదు నిమిషాల విరామంలో వేసినట్టుంది. ఒళ్ళు అంతంతమాత్రం, చేతులు కర్రల్లా ఉన్నాయి. ముఖం మాత్రం వేసినవాడెవడో కూర్చుని, చూసి, వేశాడు. ఎటో చూస్తోంది ఆమె. కోపం లేదు, నవ్వు లేదు, ఏమీ లేదు. ముఖం మీద ఎర్ర పెన్సిల్‌తో ఈ చివర నుంచి ఆ చివరకి ఇంటూ గుర్తు కొట్టి ఉంది. కింద మాస్టారి దస్తూరీలో 'ముఖం వద్దని చెప్పానా' అని ఉంది. మూలన సంతకం, తారీకు.

తారీకు చూశాను. అక్క వెళ్ళిన రెండు నెలలకి.

తాళాలమ్మ నా భుజం మీదుగా వంగింది. "దొరికిందా పెద్దమ్మా? ఈవిడేనా మీ అక్క?"

"కాదు. నేను."

బయట లారీ హారను వినబడింది కానీ అది వేరే లారీ. ఉన్న సంగతి అప్పుడు వాళ్ళిద్దరికీ చెప్పేశాను, పిల్ల అడిగిందనీ, నేను ఉన్నాయన్నాననీ, కత్తెర సంగతీ. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. తాళాలమ్మ గుత్తి సర్దుకుంది.

"ఇదే పంపెయ్యి," అంది. "అక్కచెల్లెళ్ళే కదా, ఎక్కడో పోలిక ఉండకపోదు. ఆ పిల్లకేం తెలుస్తుంది?"

నేను మాస్టారి వైపు చూశాను, వద్దంటారని. ఆయన కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని, తను కొట్టిన ఎర్ర గీతని బొటనవేలితో రుద్దుతున్నారు. అది పోవడం లేదు.

"గోడల మీద మహారాణులని రాసి ఉంటుంది చూడు, వాళ్ళెవరనుకున్నావు?" అన్నారు. "రాణికి కూర్చోవడానికి తీరికెక్కడిది. చాకలామెనో కూరలమ్మే ఆమెనో కూర్చోబెట్టి వేసేవాళ్ళు. దేవతలూ అంతే. చూసేవాళ్ళు దణ్ణం పెడతారు, చాకలామె ఇంటికెళ్ళి అన్నం వండుకుంటుంది. అది మోసమని ఎవరూ అనలేదు."

"ఆ రాణి కూతురు అడగలేదేమో మాస్టారూ," అన్నాను.

ముఖం వెయ్యనిచ్చి ఉండాల్సిందేమో అన్నారాయన, కాగితంతో అన్నట్టు.

మిగిలిన కట్టలు కూడా చూశాను. రెండింటికి లారీ వచ్చింది. ఇద్దరు మనుషులు కట్టలు భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే గుమ్మంలో నిలబడ్డాను. లారీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఎన్ని వందలసార్లు మేం అందులో ఉన్నామో తెలియదు. చేతిలో ఆ ఒక్క కాగితం చుట్టచుట్టి ఉంది.

ఇంటికొచ్చి బల్ల మీద పరిచి, నాలుగు పక్కలా సమంగా ఉండేలా అంచులు కత్తిరించాను. సంతకం, తారీకు ఉన్న మూల పోయింది. మాస్టారి మాటలున్న వరస కూడా పోయింది. ఎర్ర ఇంటూ గుర్తు పోలేదు, అది ముఖం మీదే ఉంది. పొరుగింటి ఆమె చేత ఫోన్‌లో ఫోటో తీయించి పంపాను. ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు. నిజం చెప్పాలనుకుంటే ఆ ఖాళీలో చెప్పి ఉండచ్చు.

పది నిమిషాలకి ఫోన్ మోగింది.

అమ్మ ఇంత బాగుండేదని తనకి తెలియదంది పిల్ల. బుగ్గ ఎముక చూస్తే తనదేనంది. ఫోటో అడిగితే బొమ్మే పంపావు, ఇది ఇంకా బాగుందంది. అసలు కాగితం పంపితే వాళ్ళ నాన్న కట్టిన పాత ఫ్రేము ఒకటి ఉందిట, అందులో పెడుతుందిట. ఆ ఎర్ర గీత ఏమిటని అడిగింది. మాస్టారు దిద్దినది అన్నాను. అది అబద్ధం కాదు.

"ఎటు చూస్తోంది పిన్నీ అమ్మ?"

"కిటికీ వైపు," అన్నాను. "అక్కడ కిటికీ ఉండేది."

అది కూడా అబద్ధం కాదు. నాకు ఏమీ అనిపించలేదు. కాళ్ళు మాత్రం చల్లబడ్డాయి, దిమ్మ మీద కదలకుండా నిలబడ్డప్పుడు చల్లబడినట్టు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మరి నీ బొమ్మ లేదా? నీది కూడా పంపు. రెండూ పక్కపక్కన పెడతాను."

"నాది లేదు తల్లీ."

"ఒక్కటి కూడానా? ముప్ఫై ఏళ్ళు చేశావు కదా."

"ఒక్కటి కూడా లేదు."

"పోనీ ఎలా ఉండేదానివో చెప్పు," అంది నవ్వుతూ. "నేను ఊహించుకుంటాను."

బొమ్మలో ఉన్నదాన్ని దానికి ఇచ్చేశాను. నాకు మిగిలింది అక్క ఒక్కతే.

పొట్టిగా ఉండేదాన్నని చెప్పాను. పొట్టి, తల కాస్త పెద్దది. నుదురు వెడల్పు, దాన్ని దాచుకోవడానికి జుట్టు ముందుకి లాగి దువ్వుకునేదాన్ని, గాలికి లేచిపోయేది. కుడికన్ను కంటే ఎడమకన్ను రవ్వంత చిన్నది, ఎవరైనా గొప్పలు చెబుతుంటే అది ఇంకా చిన్నదయ్యేది. నవ్వితే పై పెదవి ఆరిపోయి పళ్ళకి అంటుకునేది, నాలుకతో విడదీసుకుని మళ్ళీ నవ్వేదాన్ని. గడ్డం కింద చిన్న గుంట, మేకు గీసుకున్న మచ్చ. చెవులు పక్కలకి ఎగిరి ఉండేవి. ఎండలో వెనకనుంచి చూస్తే ఎర్రగా కనబడేవి.

"అమ్మ చెవులు కూడా అంతే కదా," అంది పిల్ల. "ఈ బొమ్మలో అలా లేవేం?"

"అక్కచెల్లెళ్ళం కదా తల్లీ," అన్నాను. "అప్పట్లో వాళ్ళు అన్నీ సరిచేసి వేసేవాళ్ళు."

అలాగా అంది. నమ్మింది. నువ్వు కూడా బాగానే ఉండేదానివి పిన్నీ, ఉత్తినే దిగులుపడతావు, ఇంకా చెప్పు అంది.

చెప్పాను. నిలబడితే మాటిమాటికీ బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలికి మార్చేదాన్నని చెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకుని కూడా మాట్లాడేదాన్నని చెప్పాను. పొద్దున పనికి బయలుదేరి, వీధిలో పది అడుగులు వేసి, ఏదో మరిచిపోయానని మళ్ళీ లోపలికి వచ్చేదాన్నని, రోజూ అలాగే వచ్చేదాన్నని చెప్పాను.